రెండు కాగితాలు, ఒక్క వేలు

నా కాళ్ళు మంచివి కాబట్టి తల పనికిరానిదని కామారెడ్డిలో అందరూ తేల్చేసుకున్నారు. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చని వాళ్ళకు తోచలేదు. మాలాంటి ఇంట్లో పుట్టినవాడికి ఒకటి ఉండడమే ఎక్కువన్నట్టు మాట్లాడేవారు. మెట్రిక్ పాసై, కాలేజీలో ఏ చదువు తీసుకోవాలో తేల్చుకోవలసిన ఆ ఎండాకాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో నా వంతు నాకుంది. దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది ఎల్లారెడ్డికి రెండు మైళ్ళ దూరంలో ఒక ఊరు. మా ఇల్లు వెట్టి ఇల్లు. ఊరికి ఏ అధికారి వచ్చినా, ఏ కాగితం పక్క ఊరికి చేరాలన్నా, ఎవరి మూట మోయాలన్నా మా బాపు పోవాలి. కూలి అడగకూడదు. నన్ను కన్న అవ్వ నా మూడో ఏట పోయింది. ఇంట్లో బాపూ నేనూ, అంతే. కాలువలు తవ్వే రోజుల్లో కొలతలకు వచ్చిన ఇంజనీరుకు బాపును వెట్టికి ఇచ్చారు. ఎరుపూ తెలుపూ గీతలున్న పొడుగాటి కర్రను నిటారుగా పట్టుకొని, అవతలి నుంచి చెయ్యి ఊపేదాకా కదలకుండా నిలబడడం ఆయన పని. ఇంజనీరు దూరంగా చెట్టు నీడలో, మూడు కాళ్ళ మీద నిలబెట్టిన దుర్బిణిలోంచి చూసేవాడు. కర్ర వంగితే తిట్లు. నేను అంబలి ముంత పట్టుకొని పోయేసరికి బాపు పాదాల మీద గండుచీమలు పాకుతుండేవి. ఆయన వాటిని దులుపుకోవడానికైనా వంగేవాడు కాదు.

నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఒకనాడు ఇంజనీరు భోజనానికి పోయినప్పుడు ఆయన దగ్గర పనిచేసే మనిషి నన్ను పిలిచి దుర్బిణిలో చూడమన్నాడు. చూస్తే మా బాపు తలకిందులుగా కనిపించాడు. ఆ యంత్రం అలాగే చూపిస్తుందట. నా మొహం చూసి అతను పొట్ట పట్టుకొని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దుర్బిణి పట్టినవాడు నీడలో ఉంటాడు, కర్ర పట్టినవాడు ఎండలో ఉంటాడు, ఆ సంగతి మాత్రం బాగా అర్థమైంది. ఇటువైపు రావాలంటే ఏం చెయ్యాలని అడిగాను. లెక్కలు రావాలన్నాడు. ఆ రోజు నుంచి నాకు లెక్కలంటే ఆకలి పట్టుకుంది.

కామారెడ్డి బడికి నన్ను తీసుకుపోయింది మాత్రం లెక్కలు కాదు. ఒకసారి బాపుతో పాటు ఒక అధికారి పెట్టెలు మోసుకొని కామారెడ్డి స్టేషనుకు వెళ్ళాను. రైలు కదిలాక చూస్తే ఆయన గొడుగు బెంచీ మీదే ఉంది. నేను గొడుగు పట్టుకొని ప్లాట్‌ఫారం చివరిదాకా, ఆ తర్వాత కంకర మీద ఉరికి, కిటికీలోంచి ఆయన చేతికి అందించాను. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ బడి డ్రిల్లు మాస్టరు అది చూశాడు. పూర్వం ఫౌజులో చేసిన మనిషి. మీసాలు, చంకలో బెత్తం. నన్ను దగ్గరికి పిలిచి, బాపుతో, "ఈ పోరని నాకియ్యి. సదివిస్త, తిండి పెడ్త" అన్నాడు. బాపు చేతులు జోడించాడు. ఆయనకు ఎవరేం అడిగినా చేతులు జోడించడమే తెలుసు.

అలా అయిదేళ్ళు ఆ మాస్టరు ఇంటి వెనక కొట్టంలో ఉన్నాను. ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. పొద్దున నీళ్ళు తోడేవాణ్ణి, బడికి పోయేవాణ్ణి, సాయంత్రం ఉరికేవాణ్ణి. స్టేషను నుంచి సిగ్నలు స్తంభం దాకా గూడ్సు బండితో పందెం. బండి గెలిస్తే పిక్కల మీద బెత్తం, ఆ పూట కూర ఉండదు. నేను గెలిస్తే ఆయనే కూర్చుని నా పిక్కలకు నూనె రాసేవాడు. కొట్టే చెయ్యీ రాసే చెయ్యీ ఒకటే కావడం వల్ల నాకు ఆయన మీద సరిగ్గా కోపం కూడా వచ్చేది కాదు. బళ్ళో లెక్కల్లో నాదే మొదటి నంబరు. పలక ఎత్తి చూపిస్తే వెనక బెంచీవాళ్ళు, "వెట్టి గుర్రం లెక్కలు చేస్తుంది సూడండ్రి" అనేవారు. గుర్రం అన్నందుకు కాదు, వెట్టి అన్నందుకు మండేది.

మెట్రిక్ చదివే ఏడాది జిల్లా పోటీల్లో మైలు పరుగు గెలిచాను. చూడడానికి హైదరాబాదు నుంచి ఒక కాలేజీ ఆటల పెద్దాయన వచ్చాడు. పందెం అయ్యాక నన్ను నిలబెట్టి తొడలు నొక్కాడు, పిక్కలు నొక్కాడు, పాదం ఎత్తి అరికాలు చూశాడు. బిచ్కుంద అంగట్లో ఎద్దును కొనేవాడు పళ్ళు కూడా చూస్తాడు, ఈయన అదొక్కటే వదిలేశాడు. కాలేజీలో ఫీజు ఉండదు, హాస్టలు, రోజూ పాలు, వారానికి రెండుసార్లు మాంసం అన్నాడు. ఉస్తాద్‌ను కూడా కాలేజీ మైదానంలో పనికి పెట్టుకుంటామన్నాడు. ఏ గ్రూపు కావాలో మాట వరసకు అడిగాడు.

"సైన్సు, లెక్కలు" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. సైన్సువాళ్ళకు మధ్యాహ్నం పూట ప్రయోగశాల ఉంటుందట. మైదానంలో సాధన కూడా ఆ వేళకే. అందుకని ఆటగాళ్ళ సీటు తీసుకున్నవాడు ఆర్ట్స్ చదవాల్సిందే. రాజుల చరిత్రలు, ఫారసీ, అలాంటివి. పరీక్షకు ముందు నెల రోజులు బట్టీ పడితే గట్టెక్కే చదువు అని ఆయన నాకు ధైర్యం చెప్పాడు.

ఇంటికి వచ్చాక ఉస్తాద్ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాను.

"సైన్సు తీసుకుంటే దోపహర్‌ల సీసాలు కడుక్కుంట కూసుంటవ్. ఉర్కెటోడెవడు?" అన్నాడు. "నీ కాళ్లు నీయే అనుకుంటున్నవా?"

"మరెవరియి ఉస్తాద్?"

"నాయి. అయిదేండ్లు మేపిన."

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పాడు. అది నా మీద బెత్తం కన్నా ఎక్కువ పనిచేసింది.

మా లెక్కల పంతులు పిరికి మనిషి. డ్రిల్లు మాస్టరు ఎదురైతే గోడవైపు జరిగి నడిచేవాడు. కానీ నా విషయంలో ఆయన ఒక ధైర్యం చేశాడు. సైన్సు చదివే పేద పిల్లలకు సర్కారు ఇచ్చే వజీఫా పరీక్షకు ఎవరికీ తెలియకుండా నన్ను కూర్చోబెట్టాడు. అందులో గెలిచాను. చదువుకూ తిండికీ అదే సరిపోతుంది, ఉరకనక్కర లేదు. ఒక సాయంత్రం బడి వెనక గోడ దగ్గర కాగితం నా చేతిలో పెట్టాడు.

"దీని మీద మీ బాపు ఎడమ చేతి బొటనవేలు పడాలె. ఎల్లారెడ్డి తాసీల్ కచేరీల గుమాస్తా ముంగట పెట్టాలె, ఆడనే మొహరు కొట్టించుకోవాలె. శుక్రవారం తపాలకు నాకు చేరాలె. ఆటల సీటు కాయితం ముందు హైదరాబాద్ పోయిందనుకో, ఇది చెల్లదు. ఒక్కనికి ఒక్కటే" అన్నాడు. అది మంగళవారం.

గోడలకు చెవులుంటాయంటారు, మా బడి గోడలకు కాళ్ళు కూడా ఉన్నాయి. మర్నాడు తెల్లవారేసరికి ఉస్తాద్ ఇస్త్రీ బట్టలు వేసుకొని ఎల్లారెడ్డి పోయే బస్సులో ముందు సీటులో కూర్చున్నాడు. మోకాళ్ళ మీద కాగితాల సంచీ. మా ఊరికి పోతున్నాడని అడగకుండానే తెలిసింది. ఆ రోజుల్లో జనం నిండితే గాని బస్సు కదిలేది కాదు. ఇంకా నాలుగు సీట్లు ఖాళీ ఉన్నాయి. నేను వజీఫా కాగితాన్ని చొక్కా లోపల దోపుకొని ఉరకడం మొదలుపెట్టాను. ఎల్లారెడ్డి పాతిక మైళ్ళు.

ఏడెనిమిది మైళ్ళు పోయాక వెనక హారను మోగింది. బస్సు దుమ్ము లేపుకుంటూ నన్ను దాటుతుంటే ఉస్తాద్ కిటికీలోంచి మెడ బయట పెట్టాడు. తిడతాడనుకున్నాను. నేనెందుకు ఉరుకుతున్నానో ఆయనకు తెలుసు.

"భుజాలు ఒదులు," అని కేక వేశాడు. "ఊపిరి ముక్కుతోటి తీయి. ఇంక చానా దూరమున్నది, తాకతంత ఇప్పుడే ఒడగొట్టకు."

నేను భుజాలు వదిలాను. ముక్కుతో ఊపిరి తీశాను. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నా గొంతు కోయడానికి పోతున్న మనిషి చెప్పిన మాట విని, బాగా ఉరికాను. అదీ నా బతుకు.

మా ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. బొటనవేలికి నల్ల సిరా. ఇరుగుపొరుగుకు చూపించడానికి తుడుచుకోకుండా అట్టే పెట్టుకున్నాడు.

"మీ ఉస్తాద్ వచ్చిపోయిండు బిడ్డా. నీ కాలేజి కాయితం మీద ఏలు పెట్టిన."

"ఏం సదువని ఉన్నది దాని మీద?"

"నాకేం ఎరుక?" అన్నాడు బాపు ఆశ్చర్యంగా. "కాయితం మీద ఏమున్నదని అడిగేటోన్నా నేను? ఏలు ఏడ పెట్టాల్నో అడిగిన."

ఆయన తప్పేమీ లేదు. వెట్టి ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు కాగితాన్ని అలాగే చూసేవారు. పైనున్నవాళ్ళు ఎంతసేపైనా రాసుకుంటారు, చివర వేలు పెట్టడం మన పని. ఏం రాశారని అడిగితే మర్యాద కాదు, వెన్ను మీద పడుతుంది కూడా. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నోరు తెరిచాను.

"ఎవడు ఏ కాయితం ముంగట పెట్టినా ఏలు గుద్దుతవ్. అది ఏలు గాదు, ఊరోళ్ల మొహరు. దాన్ని నిప్పులల్ల పెట్టి కాల్చుకో. అది ఉన్నన్ని దినాలు నేను బాగుపడ. అవ్వ జల్ది సచ్చి బతికిపోయింది."

బాపు సిరా ఉన్న వేలును పంచెలో దాచుకున్నాడు.

ఇక్కడే నా వంతు ఉంది. నా చొక్కా లోపల రెండో కాగితం ఉంది. చెమటకు తడిసి పొట్టకు అంటుకొని ఉంది. పని ఇంకా చెడలేదు. హైదరాబాదు తపాలా శుక్రవారమే పోతుంది కాబట్టి ఉస్తాద్ కాగితం అందులో పడడానికి ఇంకా రెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే బాపును ఎల్లారెడ్డి కచేరీకి తీసుకుపోయి వేలు పెట్టించి, మొహరు కొట్టించుకొని సాయంత్రానికి కామారెడ్డి చేరవచ్చు. ఆ మాట ఆయనతో అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. పొద్దు గూకేదాకా ఏడవనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. పాతిక మైళ్ళు ఉరికిన నొప్పి ఎవరికో ఒకరికి పంచాలి. పంచుకోవడానికి ఆయన తప్ప నాకెవరున్నారు?

వెళ్ళి కాలువ నీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చున్నాను. అరికాళ్ళ బొబ్బలు చల్లబడ్డాయి. బాపు ఏం చేస్తుంటాడో ఊహించుకున్నాను. గడప మీదే కూర్చుని ఉంటాడు, తినకుండా ఉంటాడు అనుకుంటే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, హాయిగా అనిపించింది. అయిదేళ్ళు ఒకరి బెత్తం కింద ఉన్నవాడికి తన చేతిలోనూ ఒక బెత్తం ఉందని తెలిసిన సుఖం అది. ఎండ తగ్గాక, ఇక చాలు, చెప్పేద్దామని లేచాను.

ఇంట్లో జొన్నరొట్టెల వాసన వస్తోంది. దానితో పాటు ఇంకేదో మాడిన వాసన. బాపు పొయ్యి ముందు కూర్చుని కుడి చేత్తో పెంక మీద రొట్టె తిప్పుతున్నాడు. ఎడమ బొటనవేలికి పసుపు పెట్టి తడిగుడ్డ చుట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు. బడిలో పాఠం తప్పు లేకుండా ఒప్పజెప్పిన పిల్లల నవ్వు.

"నువ్వన్నట్టే చేసిన బిడ్డా. పెంక మీద ఒత్తిపెట్టిన. ఇగ ఎవ్వడచ్చినా నాతోని పెట్టియ్యలేడు."

గుడ్డ విప్పి చూశాను. వేలి కొస మీద గీతలు లేవు. తోలు లేదు. ఎర్రగా, తడిగా ఉంది.

చొక్కాలోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. అదేమిటో, దాని మీద ఏ వేలు పడాలో చెప్పాను. బాపు పొయ్యి వెలుగులో కాగితాన్ని చాలాసేపు చూశాడు. చదవడం వచ్చినవాడిలా చూశాడు.

"ఇది ఇంజినీరు సదువా?"

"ఆఁ."

"వచ్చినప్పుడే చెప్పకపోతివి" అన్నాడు. రొట్టె తుంచి నా కంచంలో వేశాడు.

మర్నాడు పొద్దున్నే ఎల్లారెడ్డి కచేరీకి పోయాము. బాపు ఉతికిన పంచె కట్టుకున్నాడు. నేను పందెంలో గెలిచిన బనీను వేసుకున్నాను, గౌరవంగా చూస్తారని. గుమాస్తా వజీఫా కాగితం చదివి నన్ను ఎగాదిగా చూశాడు. సిరా మెత్త ముందుకు తోశాడు. బాపు గుడ్డ విప్పి, పళ్ళు కరుచుకొని పచ్చిపుండును సిరాలో అద్ది కాగితం కొసన ఒత్తాడు. తీసి చూస్తే నల్లటి మరక. పక్కనే కొంచెం నెత్తురు.

"గిది ఏలా, బురదనా?" అన్నాడు గుమాస్తా. "గీతలేవిరా? రేపు ఇంకోడచ్చి ఇది నాదంటే నేనేం చెప్పాలె? పుండు మాననియ్యి, నెల దినాలకు రా."

"రేపు శుక్రవారం" అన్నాను నేను.

"అయితే ఏంది?"

అయితే ఏమిటో నేను తర్వాత నాలుగేళ్ళు చదువుకున్నాను. ఉస్తాద్ కాగితం ఆ శుక్రవారమే తపాలాలో పోయింది. నేను ఆర్ట్స్‌లో చేరాను, వాళ్ళ పాలు తాగాను, వాళ్ళ కోసం ఉరికాను, గెలిచాను. మైదానం గట్టు మీద ఉస్తాద్ చేతిలో గడియారం పట్టుకొని నిలబడేవాడు. ఎవరెవరు ఏ కోటను ఎప్పుడు గెలిచారో పరీక్షల్లో రాసి వచ్చేవాణ్ణి. నాకు లెక్కల పుస్తకం కనబడితే అటు మొహం తిప్పుకొనే అలవాటు అప్పుడే అయింది. దీనంతటికీ ఉస్తాద్‌ను తిట్టుకోవడం సులువు. చాలా ఏళ్ళు అదే పని చేశాను. ఆయన పేరు ఎత్తినప్పుడల్లా నలుగురిలో తిట్టాను. కచేరీలో ఆ పొద్దు జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గుమాస్తా కాగితం వెనక్కి తోసినా బాపు కదలలేదు. కుడి చెయ్యి చాపాడు.

"ఈ చేతి ఏలు మంచిగున్నది సాబ్. దీన్ని పెడ్త."

"మొగోనికి ఎడమ, ఆడదానికి కుడి. సర్కారు కానూను" అన్నాడు గుమాస్తా. తర్వాత ఆయనకు తమాషా తోచింది. కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వు మొగోనివా, ఆడదానివా?"

బాపు తమాషా అనుకోలేదు. నిజంగానే ఆలోచించాడు.

"ఆడదాన్నే అని రాసుకోండ్రి సాబ్, నీ బాంచెన్. పోరని పని కావాలె."

రాసుకుంటున్నవాళ్ళంతా కలాలు ఆపారు. "మరి వీనికి తండ్రెవడని రాయాలె?" అన్నాడు గుమాస్తా. కచేరీ అంతా నవ్వింది. గడపలో నిలబడ్డ బంట్రోతు కూడా నవ్వాడు. గుమాస్తా నవ్వుతూనే నా వైపు చూశాడు. చదువుకున్నవాడివి, నీకు అర్థమైంది కదా అన్నట్టు చూశాడు. నేనూ నవ్వాను. నోరు తెరిచి, గట్టిగా, వాళ్ళలో ఒకణ్ణయినట్టు నవ్వాను.

బాపు తల తిప్పి నన్ను చూశాడు. నా నవ్వు చూసి పని అయిందనుకున్నాడు. ఆయన మొహం విప్పారింది. ఆయన కూడా నవ్వుతూ కుడి చేతి వేలును సిరాలో అద్ది, ఏడ పెట్టాలె బిడ్డా అని నన్ను అడిగాడు.